కారు ఎయిర్ ఫిల్టరు మార్పు: శక్తి, మైలేజీ, గరివిడి దుమ్ము

కంపెనీ అమర్చిన కాగితపు ఎయిర్ ఫిల్టరును తీసేసి, బయట దొరికే నూలు ఫిల్టరునో, గాలి గొట్టంతో సహా కొత్త అమరికనో బిగించుకోవడం కారు యజమానుల్లో, ముఖ్యంగా కుర్రకారులో, చాలాకాలంగా ఉన్న అలవాటు. పికప్ పెరుగుతుందని, మైలేజీ వస్తుందని నమ్మి ఈ మార్పు చేయించుకుంటారు. నిజానికి మామూలు రోడ్డు కారులో దీనివల్ల పెరిగే శక్తి నడిపేవారికి తెలియనంత తక్కువ. మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. విజయనగరం జిల్లా గరివిడి లాంటి గనుల ప్రాంతంలో ఫిల్టరు ఎంత గాలిని వదులుతుందన్న దానికన్నా ఎంత దుమ్మును ఆపుతుందన్నదే ముఖ్యం.

ఇంజను పీల్చే గాలి

పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు ఖర్చయ్యేలోపు ఇంజను 9 వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. 1.2 లీటర్ల ఇంజను 6,000 ఆర్‌పీఎం వద్ద, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, నిమిషానికి సుమారు 3,600 లీటర్లు లాగగలదు. ఫిల్టరు కాగితాన్ని ముడతలుగా మడిచేది ఇందుకే. చిన్న పెట్టెలో ఎక్కువ వైశాల్యం ఇమిడితే గాలికి అడ్డు తగ్గుతుంది.

శక్తి పెరుగుతుందా?

ఏ ఫిల్టరైనా గాలిని కొంత అడ్డుకుంటుంది. శుభ్రమైన కాగితపు ఫిల్టరు వద్ద ఈ నష్టం నిండు వేగంలో కూడా సాధారణంగా వాతావరణ పీడనంలో ఒకటి రెండు శాతం లోపే ఉంటుంది. కొత్త ఫిల్టరు అందులో సగం మిగిల్చినా, 80 హార్స్‌పవర్ ఇంజనుకు అదనంగా దక్కేది ఒక హార్స్‌పవర్ లోపే. అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే. ఊళ్ళో నడిపేటప్పుడు పెట్రోలు కారులో థ్రాటిల్ రేకు సగానికి పైగా మూసుకునే ఉంటుంది. అక్కడ పడే అడ్డు ముందు ఫిల్టరు అడ్డు లెక్కలోకి రాదు.

పెట్టె లేకుండా బానెట్ కింద నేరుగా బిగించే కోను ఫిల్టరుతో నష్టమే జరగవచ్చు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. బయట 40 డిగ్రీలున్నప్పుడు బానెట్ కింద 60 డిగ్రీల గాలి పీలిస్తే, అదే ఘనపరిమాణంలో గాలి బరువు ఆరు శాతం తగ్గుతుంది. కంపెనీ గొట్టం గ్రిల్ దగ్గరి నుంచి చల్లగాలి తెచ్చుకునేది ఇందుకే. కోను ఫిల్టరు పెట్టాక ఇంజను హోరు పెరుగుతుంది. ఆ హోరును చాలామంది వేగం అనుకుంటారు.

రేసు కోసం క్యామ్ షాఫ్టు, సైలెన్సరు, కంప్యూటర్ ట్యూనింగ్ అన్నీ కలిపి మార్చిన ఇంజనుకు మాత్రం పెద్ద గాలి దారి నిజంగా అవసరం.

మైలేజీ సంగతి

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇంధన ఇంజెక్షన్ ఉన్న కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్లను పరీక్షించింది. మైలేజీలో గుర్తించదగ్గ తేడా కనిపించలేదు. గాలి తగ్గితే కంప్యూటరు ఆ మేరకు పెట్రోలునూ తగ్గిస్తుంది. తగ్గింది పికప్పే. పాత మారుతి 800 లాంటి కార్బురేటర్ బళ్ళలో ఈ సర్దుబాటు ఉండదు కాబట్టి, ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు కూడా ఎక్కువ తాగుతాయి. చెత్త పట్టిన ఫిల్టరు తీసి మామూలు కొత్త ఫిల్టరు వేసినా పోయిన పికప్ తిరిగి వస్తుంది. ఖరీదైన ఫిల్టరు పెట్టగానే బండి తేలికైందని అనిపించడానికి చాలాసార్లు కారణం పాత ఫిల్టరు మురికే.

గరివిడి దుమ్ము

గరివిడి, గర్భాం, కోడూరు చుట్టుపక్కల మాంగనీసు గనులున్నాయి. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. గరివిడి పక్కన శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో మిశ్రలోహాల కర్మాగారం 1950లలో వెలిసింది. కోడూరు గనుల పేరు మీదనే భూగర్భ శాస్త్రవేత్త లూయిస్ ఫెర్మర్ ఇక్కడి ఒక రాతికి కోడురైట్ అని పేరు పెట్టాడు. అందులో గార్నెట్ ఒక ముఖ్య ఖనిజం. చుట్టూ ఉన్న తూర్పు కనుమల ఖొండలైటు రాతిలోనూ గార్నెట్, క్వార్ట్జ్ ఉంటాయి. ఈ రెండూ పోత ఇనుప సిలిండరు గోడకన్నా గట్టివి.

దుమ్ములోని అలాంటి రేణువులు ఫిల్టరు దాటితే పిస్టను రింగులకూ సిలిండరు గోడకూ మధ్య చేరి సానపట్టినట్టు అరగదీస్తాయి. మెల్లగా కంప్రెషన్ తగ్గుతుంది, ఇంజను ఆయిలు తాగుతుంది, చివరికి బోరుకు వస్తుంది. ఆ మరమ్మతు ఖర్చు ముందు ఫిల్టరు ధర ఏపాటిదీ కాదు.

వడపోత లెక్క ఇక్కడే అర్థమవుతుంది. ఫిల్టర్ల సామర్థ్యాన్ని ఐఎస్ఓ 5011 ప్రమాణం ప్రకారం కొలుస్తారు. ఒక ఫిల్టరు 99.5 శాతం, మరొకటి 98 శాతం దుమ్ము ఆపితే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ లోపలికి పోయేది మొదటిదానిలో అర శాతం, రెండోదానిలో రెండు శాతం, అంటే నాలుగు రెట్లు. గాలిని ధారాళంగా వదిలే నూలు ఫిల్టర్లలో చాలావాటికి ఈ విషయంలోనే మంచి కాగితపు ఫిల్టరు కన్నా వెనకబాటు ఉంటుంది.

తనిఖీ, నిర్వహణ

ఫిల్టరు పెట్టె క్లిప్పులు తీసి చూస్తే సంగతి తెలుస్తుంది. గాలి వచ్చే వైపు ముడతల్లో దుమ్ము నిండి ఉండటం సహజం. ఫిల్టరు తన పని చేస్తోందన్నమాట. చూడాల్సింది రెండో వైపు. ఇంజనుకు పోయే గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడిస్తే అది శుభ్రంగా రావాలి. సన్నటి పొడి అంటితే ఫిల్టరు సరిగా కూర్చోలేదనో, రబ్బరు అంచు పగిలిందనో, కాగితం చిరిగిందనో అర్థం.

గట్టి ప్రెషరుతో గాలి కొట్టిస్తే కాగితానికి చిల్లులు పడే ప్రమాదం ఉంది. ఖనిజం లారీలు తిరిగే దారుల్లో రోజూ నడిచే బండికి, తయారీదారు చెప్పిన దుమ్ము ప్రాంతాల గడువు ప్రకారం ముందే కొత్తది వేయడం మేలు. నూలు ఫిల్టరు వాడేవారు దాన్ని కడిగి, పూర్తిగా ఆరాక, కొలత ప్రకారమే నూనె పట్టించాలి. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సారు మీద పేరుకుని తప్పు లెక్కలు చూపించవచ్చు.

చట్టం

తయారీదారు ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. 2019లో సవరించిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. గాలి అమరిక మొత్తం మార్చితే పొగ, శబ్దం పరిమితులు దాటకుండా చూసుకోవాల్సిన బాధ్యత యజమానిదే. వారంటీలో ఉన్న కారైతే, బయటి అమరిక వల్ల ఇంజను పాడైందని తేలితే కంపెనీ మరమ్మతు భారం తిరస్కరించవచ్చు. రోజువారీ కారుకు, అందులోనూ ఈ గనుల నేలమీద తిరిగే కారుకు, సరిగ్గా కూర్చునే మంచి కాగితపు ఫిల్టరు వేసి గడువుకు ముందే మార్చుకోవడమే ఉత్తమం.