సిసిలీ రాజ్యం : రాజవంశాలు - ప్రజల భాషలు

మధ్యధరా సముద్రం నడుమ త్రికోణాకృతిలో నెలకొన్న ద్వీపం సిసిలీ. గ్రీకులు, రోమనులు, బైజాంటియన్ చక్రవర్తులు, అరబ్బులు దానిని వరుసగా ఏలారు. 11వ శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీ నుండి కిరాయి సైనికులుగా దక్షిణ ఇటలీకి వచ్చిన ఓట్‌విల్ వంశీయులు 1061లో దండయాత్ర ప్రారంభించి, 1091 నాటికి ద్వీపమంతటినీ వశపరచుకున్నారు. 1130 డిసెంబరు 25న రెండవ రోజర్ పలెర్మో నగరంలో పట్టాభిషిక్తుడు కావడంతో సిసిలీ రాజ్యం అవతరించింది. దక్షిణ ఇటలీ సైతం అందులో అంతర్భాగమే.

విజేతలు కొద్దిమంది, ప్రజలలో అరబ్బీ, గ్రీకు భాషలు మాట్లాడేవారు అనేకులు. ఈ సత్యాన్ని రోజర్ చక్కగా గ్రహించాడు. ఆయన రాజశాసనాలు లాటిన్, గ్రీకు, అరబ్బీ భాషలలో వెలువడ్డాయి. నౌకాదళాధిపతి జార్జి గ్రీకు క్రైస్తవుడు. ప్రపంచ భూగోళాన్ని వర్ణిస్తూ 1154లో అరబ్బీ గ్రంథాన్ని ఆయనకు సమర్పించిన అల్ ఇద్రీసీ ముస్లిం పండితుడు. రాజప్రాసాదంలోని ప్రార్థనాలయపు గోడలపై గ్రీకు శైలి వర్ణశిలాచిత్రాలు, పైకప్పున అరబ్బు శైలి దారుశిల్పం నేటికీ దర్శనమిస్తాయి. 1149 నాటి ఒక సమాధి ఫలకం మరింత విశిష్టమైనది. ఒక క్రైస్తవ పురోహితుడు తన తల్లి స్మృత్యర్థం చెక్కించిన ఆ ఫలకంపై లాటిన్, గ్రీకు, అరబ్బీ, హీబ్రూ లిపులు నాలుగూ ఉన్నాయి.

రెండవ విలియం 1189లో నిస్సంతుగా మరణించాడు. రోజర్ కుమార్తె కాన్‌స్టన్స్‌ను వివాహమాడిన జర్మన్ చక్రవర్తి ఆరవ హెన్రీ 1194లో సింహాసనాన్ని అధిష్ఠించాడు. ఇలా హోహెన్‌స్టౌఫెన్ వంశం ప్రవేశించింది. వీరి కుమారుడు రెండవ ఫ్రెడరిక్ 1224లో నేపుల్స్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. 1231లో మెల్ఫీ ధర్మశాసనాన్ని ప్రకటించాడు. ఆయన ఆస్థాన కవులు సిసిలీ ప్రజల పలుకుబడిలో కవిత్వం చెప్పి ఇటాలియన్ సాహిత్యానికి బాట వేశారు. అయితే ఆయనే తిరుగుబాటు చేసిన ముస్లిములను ద్వీపం నుండి ఇటలీలోని లుచేరా పట్టణానికి తరలించాడు. ఒక భాషను ఆదరించిన చేయే మరొక భాషను దాని నేలనుండి పెకలించింది.

1266లో ఫ్రెంచి రాకుమారుడైన ఆంజూ చార్లెస్ ఫ్రెడరిక్ కుమారుడు మాన్‌ఫ్రెడ్‌ను యుద్ధంలో జయించి రాజయ్యాడు. పన్నుల భారాన్నీ, ఫ్రెంచి అధికారుల దర్పాన్నీ ప్రజలు సహించలేకపోయారు. 1282 మార్చి 30న పలెర్మోలో సాయంకాల ప్రార్థనవేళ చెలరేగిన తిరుగుబాటు ద్వీపమంతా వ్యాపించింది. మాన్‌ఫ్రెడ్ అల్లుడైన అరగాన్ రాజు మూడవ పీటర్‌ను ప్రజలు ఆహ్వానించారు. ద్వీపం అరగాన్ వంశానికీ, నేపుల్స్ ఆంజూ వంశానికీ దక్కాయి. 1300లో ఆంజూ రెండవ చార్లెస్ లుచేరాను ధ్వంసం చేయించగా, అక్కడివారిలో అనేకులు బానిసలుగా విక్రయింపబడ్డారు.

తదుపరి శతాబ్దాలలో స్పెయిన్, సవాయ్, ఆస్ట్రియా పాలకులు వచ్చారు. 1734లో బూర్బన్ వంశం రాజ్యాన్ని చేపట్టింది. 1860లో గారిబాల్డీ చేతిలో ఆ పాలన అంతరించింది. 1861లో ఐక్య ఇటలీ ఏర్పడింది.

సిసిలీలో అడుగంటిన అరబ్బీ మాత్రం పూర్తిగా నశించలేదు. 1530 వరకు ఆ రాజ్యంలో భాగమైన చిన్న ద్వీపం మాల్టాలో ప్రజలు దానిని ఇంటింటా నిలుపుకున్నారు. ఆ మాటే మాల్టీసు భాషగా ఎదిగి, లాటిన్ లిపిని ధరించి, 1934లో అధికార భాష అయింది. 2004 నుండి ఐరోపా సమాఖ్యలోనూ ఆ గౌరవం పొందింది. దానికి ఏ రాజవంశమూ అండ కాలేదు. తల్లులు బిడ్డలతో ఆ భాషలో మాట్లాడడం మానలేదు. అదే దానికి శ్రీరామరక్ష అయింది.