మూర్ మార్కెట్ నుంచి మొబైల్ దాకా

1985 మే 30న మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్ కాలి బూడిదైంది. 1900లో తెరిచిన ఆ ఎర్రటి భవనానికి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరు పెట్టారు. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, చిల్లర సామాన్లు అక్కడ ఒక్కచోటే దొరికేవి. వావిళ్ల ప్రెస్సు, ఆంధ్రపత్రిక ఉన్న ఊరు కాబట్టి పాత తెలుగు పుస్తకాలు వెతికేవాళ్లకూ అది తెలిసిన చోటే. మంటలు ఆరాక దుకాణదారులకు దగ్గర్లోని లిల్లీ పాండ్ కాంప్లెక్సులో చోటిచ్చారు. మార్కెట్ ఉన్న చోట సబర్బన్ రైల్వే స్టేషన్ భవనం లేచింది.

ఫోన్ తెర మీద పాత సామాన్లు చేతులు మారుతున్న ఈ రోజుల్లో అలాంటి బజారును తలుచుకోవడానికి కారణముంది. పాత సరుకు కొనేవాడిని ఎప్పుడూ వేధించేవి రెండే ప్రశ్నలు. ఇది సరిగ్గా పనిచేస్తుందా? ఇది నిజంగా అమ్మేవాడి సొంతమేనా?

చూసి కొనే చోటు

మొదటి ప్రశ్నకు బజారు తేలికైన జవాబే కనిపెట్టింది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో అయినా, ఆదివారం మూసిన దుకాణాల ముందు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల దగ్గరైనా సరుకు చేతికందుతుంది. పేజీలు తిప్పి చూడొచ్చు, ఫ్యాను రెక్క తిప్పి చూడొచ్చు, నచ్చకపోతే కింద పెట్టి వెళ్లొచ్చు. ఒకే చోట కూర్చునే వ్యాపారి ఈ వారం మోసం చేస్తే వచ్చే వారం మాట పడాలి.

ఇలా చూసి కొనగలగడం ఎంత పెద్ద విషయమో ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో వివరించాడు. పాత కారులోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకే కొనేవాడు ప్రతి కారునూ అనుమానించి ధర తగ్గిస్తాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి సంతలో నాసిరకం బండ్లే మిగులుతాయి. ఈ ఆలోచనకు 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. బండి కొనేముందు మనవాళ్లు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం ఈ చిక్కుకు విరుగుడే.

దొంగ సొత్తయితే?

రెండో ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. ఇంగ్లండ్‌లో ఒక పాత నియమం ఉండేది. పేరుపడ్డ బహిరంగ సంతలో, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య, మంచి మనసుతో కొన్న వస్తువు దొంగ సొత్తే అయినా కొన్నవాడికే చెందేది. ఈ వెసులుబాటును దొంగలు వాడుకోవడం మొదలైంది. 1995 జనవరిలో ఆ నియమం రద్దయింది. మన దేశంలో మాత్రం 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షన్ మొదటి నుంచీ గట్టిగానే ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప, తనకు లేని హక్కును అమ్మేవాడు ఇంకొకరికి ఇవ్వలేడు. దొంగ ఫోన్ కొంటే డబ్బూ పోతుంది, ఫోనూ పోతుంది.

అదే ఏడాది సెప్టెంబరు

ఇంగ్లండ్ సంతల నియమం పోయిన 1995లోనే, సెప్టెంబరులో, అమెరికాలో పియర్ ఒమిడ్యార్ ఆక్షన్ వెబ్ అనే సైటు తెరిచాడు. తర్వాత అదే ఈబే అయింది. అందులో మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. ముఖం తెలియని మనుషులు డబ్బు పంపాలంటే ధైర్యం కావాలి. అందుకే 1996లో కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే ఏర్పాటు చేశారు. బజారులో నోటి మాటగా తిరిగే మంచీ చెడూ అక్కడ అందరికీ కనిపించే రాతగా మారింది.

2006లో ఓఎల్‌ఎక్స్, 2008లో క్వికర్ అనే ప్రకటనల సైట్లు వచ్చాయి. మేలు జరగలేదనలేం. అచ్చులో లేని తెలుగు పుస్తకం ఏ ఊళ్లో ఉన్నా ఇవాళ జాడ దొరుకుతుంది. అటక మీద దుమ్ముపట్టే కుర్చీకి కొనేవాడు దొరుకుతున్నాడు. అయితే ప్రకటన పెట్టిన మనిషి రేపు కనిపిస్తాడన్న హామీ లేదు. మోసగాళ్లకు ఆ సందు చాలు. ‘డబ్బు పంపిస్తున్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటూ అమ్మేవాళ్ల ఖాతాలే ఖాళీ చేస్తున్నారు.

ఎక్కడ ఏది కొనాలి?

పుస్తకం లాంటి వాటిని ఆన్‌లైన్‌లో వెతకండి. లోపం లోపల దాగే ఫోను, ఫ్రిజ్జు, బండి మాత్రం మీ ఊరి దుకాణంలో, రసీదు తీసుకునే కొనండి. ఫోనయితే ఐఎంఈఐ నంబరును సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూడండి. బండయితే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ధర నాలుగు వందలు ఎక్కువైనా సరే, రేపు మళ్లీ దొరికే మనిషి దగ్గరే కొనండి.