అరకు ఏజెన్సీలో మద్య విముక్తి సమావేశాలు

తాగుడు మానాలనుకునేవారు, అప్పటికే మానేసినవారితో కూర్చుని ఒకరి అనుభవం ఒకరు చెప్పుకునే సమావేశాల గురించిన వ్యాసమిది. వీటిలో ఎక్కువ పేరున్నవి ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సమావేశాలు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, ముంచంగిపుట్టు ప్రాంతాల వారికి ఇవి సాధారణంగా విశాఖపట్నంలోనో, ఫోను ద్వారానో అందుతాయి.

నేపథ్యం

కొండల్లో జీలుగు కల్లు, ఇప్పసారా పండుగలకూ పెళ్లిళ్లకూ చావులకూ ముడిపడి ఉన్నవి. బెల్లం ఊటతో కాచే నాటుసారా, దుకాణంలో కొనే సీసా వేరే సంగతి. పాత రచనలు కొన్ని వీటన్నిటినీ ఒకే గాటన కట్టి గిరిజనుడంటేనే తాగుబోతు అన్నట్టు రాశాయి. ఆ మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. ఇంట్లో కాచుకునేదానికీ వ్యాపారి అమ్మేదానికీ ఉన్న తేడాను కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల ఆబ్కారీ విధానంపై 1975లో ఇచ్చిన మార్గదర్శకాలే గుర్తించాయి.

కల్లు మీద పెత్తనం ఇక్కడ పాత తగువు. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా కట్టడి చేసి కాంట్రాక్టర్లకు అప్పగించడం, దాని మీద అక్కడి జమీందారైన మన్సబుదారు చిగురుపన్ను అడగడం 1879 రంప తిరుగుబాటుకు దగ్గరి కారణాలని గెజిటీర్లు చెబుతాయి. మన్సబుదారు దోపిడీనే అసలు కారణమనేవారూ ఉన్నారు. రెండూ కలిసే పనిచేశాయనడం సబబు. అల్లూరి సీతారామరాజు 1922 ఫితూరీ (తిరుగుబాటు)కి ముందు మన్యంలో తాగుడు మానమనీ, తగవులు పంచాయతీల్లోనే తీర్చుకోమనీ ప్రచారం చేశాడు. గాంధీ అహింసను ఒప్పుకోకపోయినా మద్యపాన నిషేధాన్ని ఆయన స్వీకరించాడన్నది ఎక్కువమంది చరిత్రకారుల మాట.

నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు, పంచాయతీలకు మత్తుపదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపు చేసే అధికారం దక్కేలా చూడమని రాష్ట్రాలకు చెప్పింది.

వీటన్నిటిలో కనిపించేది ఊరంతా కలిసి సరుకును ఆపే దారి. ఏఏ దారి వేరు. నిషేధం మంచిదా చెడ్డదా అన్న చర్చలో అది ఏ పక్షమూ తీసుకోదు. మానాలనుకున్న మనిషి మీదే దాని దృష్టి.

ఏఏ సమావేశం

ఏఏ 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో పుట్టింది. జూన్ 10 పుట్టినరోజుగా జరుపుకుంటారు. వ్యవస్థాపకుల్లో ఒకరైన డాక్టర్ బాబ్ చివరిసారి తాగింది ఆ ఏడాది జరిగిన వైద్య మహాసభ నుంచి తిరిగివచ్చాకే కాబట్టి, సభ తేదీలను బట్టి చూస్తే జూన్ 17 కావచ్చన్న వాదనకు బలముంది. భారతదేశంలో ఆరంభం 1957లో అని చెప్పుకుంటారు.

చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. రుసుము లేదు, ఖర్చులకు సభ్యులే తోచింది వేస్తారు. బహిరంగ సమావేశానికి కుటుంబ సభ్యులు, ఆసక్తి ఉన్న ఎవరైనా రావచ్చు. మూసిన సమావేశం తాగుడు సమస్య ఉన్నవారికే. కుటుంబాల కోసం అల్-అనాన్ అనే వేరే సంస్థ 1951 నుంచి ఉంది.

వెతికే దారి

విశాఖ బృందాల వివరాలు ముంబయిలోని ఏఏ జాతీయ కార్యాలయం ద్వారా తెలుసుకోవచ్చు. బయల్దేరే ముందు సమావేశం తెలుగులోనా ఇంగ్లీషులోనా, బహిరంగమా మూసినదా, చోటు మారిందా అని అడగడం మంచిది. అరకు నుంచి విశాఖకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. కిరండూల్ ప్యాసింజరు పొద్దున ఘాట్ ఎక్కి, మధ్యాహ్నం దాటాక దిగి, రాత్రికి గానీ విశాఖ చేరదు. సాయంత్రపు సమావేశానికి అది పనికిరాదు. రాత్రి విశాఖలో ఉండే ఏర్పాటుతోనో, ఆన్‌లైన్ సమావేశంతోనో సరిపెట్టుకోవాలి. కొండ మలుపుల్లో సిగ్నలు సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు.

మత్తు విముక్తి జాతీయ సహాయవాణి 14446. మానసిక ఆరోగ్యానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రెండూ ఉచితమే.

ఏళ్లతరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం కూడా ఉంటుంది. సమావేశం వైద్యానికి బదులు కాదు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం లేదా పాడేరు ఆసుపత్రి వైద్యుణ్ని కలవాలి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ఫలితాలు, పరిమితులు

కొక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించి, నిర్ణీత పద్ధతిలో ఏఏ వైపు మళ్లించే చికిత్స తాగకుండా నిలబెట్టడంలో ఇతర చికిత్సల కంటే మెరుగ్గా ఉందని తేల్చింది. ఆ అధ్యయనాల్లో అధికం అమెరికావి. కొండలకు దాన్ని యథాతథంగా అన్వయించలేం. 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒకరే ఏదో ఒక సాయం పొందారు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది గోప్యత. పేరు బయటపెట్టకపోవడం అన్న నియమం నగరంలో పుట్టింది. పాతిక గడపల గూడెంలో ఎవరు ఎక్కడికి వెళ్లారో అందరికీ తెలుసు. ఊరు దాటి సంతకో పట్నానికో వెళ్లి కూర్చోవడం కొందరికి తేలికగా ఉండవచ్చు. రెండోది భాష. కువి, పోర్జ, గదబ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పెద్దవారికి తెలుగులో మనసు విప్పడం కష్టం కావచ్చు.

కొత్త బృందానికి అనుమతి పత్రమేమీ అక్కర్లేదు. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు ఆ పని కోసమే కలిస్తే, బయటి సంస్థలతో ముడి లేనంతవరకు, అది ఏఏ బృందమేనని, సంప్రదాయాలుగా పిలిచే ఏఏ నియమాల్లో మూడోది అంటుంది.