బొగ్గుగని కొస నుంచి నూరంతస్తుల మేడకు

కొరియా టెలివిజన్ సీరియళ్లను గురించి సాహిత్య విమర్శ పత్రికలో వ్రాయడమేమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. కొంతకాలం క్రితం వరకు నేనూ అలాగే అడిగేవాణ్ణి. జనం దృష్టిని అసలు సమస్యల నుంచి మళ్లించడానికి పెట్టుబడిదారులు తయారుచేసిన మత్తుమందు అని ఒక్కమాట అనేసి వూరుకొనేవాణ్ణి. అలా అనడంలో ఒక సుఖం వున్నది. అన్నవాడు ఆ సీరియల్ చూడనక్కరలేదు. చూసేవాళ్లు ఎందుకు చూస్తున్నారో ఆలోచించనక్కర అంతకన్నా లేదు.

నా సుఖానికి క్లాసులో దెబ్బ తగిలింది. దక్షిణ కొరియా పారిశ్రామికీకరణ గురించి పాఠం చెబుతున్నాను. పిల్లలు ఫోన్లలో చూసే సీరియళ్ల ప్రసక్తి వచ్చింది. దురాశలూ, ద్రోహాలూ, పగలూ, మారుపేర్లూ, పుట్టుక రహస్యాలూ కుప్పపోసిన రకాన్ని కొరియావాళ్లే "మక్‌జాంగ్" అంటారనీ, ఆ పేరే ఒక తిట్టు అనీ చెప్పాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "ఆ మాటకు అసలు అర్థం ఏంది సార్?" అని అడిగింది. "నీచాతినీచం అని" అన్నాను, తెలిసినవాడి లాగా.

ఇంటికి పోయి వెతికితే నా పాండిత్యం బయటపడింది. మక్‌జాంగ్ అంటే బొగ్గుగనిలో సొరంగానికి చిట్టచివర, ఇక ముందుకు దారిలేని చోటు. అక్కడే రాతికి రంధ్రాలు తొలిచి మందు పేలుస్తారు, అక్కడే దుంగలు నిలబెట్టి కప్పు కూలకుండా ఆపుతారు, అక్కడే బొగ్గు తీస్తారు. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయేదీ, కప్పు విరిగి మీద పడేదీ అక్కడే. (నాటకంలో చివరి అంకం అనే అర్థం నుంచి వచ్చిందని చెప్పేవాళ్లూ వున్నారు. ఆ వాదం గనికార్మికుల చెవికి ఎక్కలేదు.) మర్నాడు తప్పు ఒప్పుకొని, ఉన్న అర్థం చెప్పాను. "అయితే అది మా తాత పనిచేసిన జాగ సార్. ఆయన సింగరేణిల కోల్‌ఫిల్లర్" అన్నది ఆ అమ్మాయి. అందులో నిష్ఠూరమేమీ లేదు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

పనిచేసే చోటి పేరు తిట్టు ఎట్లా అయింది? ఈ ప్రశ్న నుంచి మొదలుపెడితే సీరియల్ చరిత్రా, దేశ చరిత్రా ఒకదాన్నొకటి తాకుతాయి.

దక్షిణ కొరియా పరిశ్రమ ఎదుగుతున్న రోజుల్లో సియోల్ నగరంలోని ఇళ్ల నేలలను వెచ్చబెట్టినది యోంతాన్. అంటే రంధ్రాలున్న గుండ్రటి బొగ్గు దిమ్మ. ఆ బొగ్గు కాంగ్వన్ రాష్ట్రపు కొండల్లోంచి వచ్చేది. చేయడానికి మరేమీ లేనివాడు ఆఖరుకు గనికి పోతాడని లోకం అనుకొనేది. "బ్రతుకు కొస" అనే అర్థం అట్లా ఆ చోటికి అంటుకొన్నది. ఆ కొండల్లో సాబుక్ అనే ఊరున్నది. 1980 ఏప్రిల్ 21న అక్కడి డాంగ్వన్ గని కార్మికులు కూలిరేట్ల మీదా, కంపెనీ జేబులో వున్న యూనియన్ నాయకత్వం మీదా తిరగబడ్డారు. పోలీసు జీపు కార్మికుల మీదుగా పోవడంతో తగాదా తిరుగుబాటైంది. ఒక పోలీసు చనిపోయాడు. 24 దాకా ఊరు కార్మికుల చేతిలో వున్నది. ఒప్పందం కుదిరింది. ఒప్పందం తర్వాత సైనిక శాసనాధికారులు వచ్చి కార్మికులను, వారి భార్యలను పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. నెల తిరగకముందే గ్వాంజూ నగరంలో కాల్పులు జరిగాయి. ఆ నెత్తుటి వెనక సాబుక్ మరుగున పడింది.

2008లో దక్షిణ కొరియా సత్య నిర్ధారణ సంఘం సాబుక్‌లో జరిగింది ప్రభుత్వ హింసేనని తేల్చి క్షమాపణ చెప్పమన్నది. అదే ఏడాది నవంబరులో "భార్య ప్రలోభం" అనే సీరియల్ ఎస్.బి.యస్. చానల్లో మొదలైంది. పత్రికలన్నీ "మక్‌జాంగ్, మక్‌జాంగ్" అని ఎత్తిపొడవడం మొదలెట్టాయి. పార్లమెంటులో సభ్యులు కొట్టుకొంటే దానికీ అదే మాట. 2009లో ప్రభుత్వ బొగ్గు సంస్థ అధ్యక్షుడే ఒక ప్రకటన చేశాడు: మా మనుషులు చెమటోడ్చే చోటును బూతుమాటగా వాడవద్దని. న్యాయమైన మాటే. గనులను ఒకటొకటిగా మూస్తున్న ప్రభుత్వం తరఫు మనిషి నోటినుంచి వచ్చిందన్నది మాత్రం మరచిపోరాదు. కార్మికుడి బ్రతుకు పోతున్నప్పుడు అతని గౌరవాన్ని కాపాడటానికి యాజమాన్యాలు ముందుకు వస్తుంటాయి.

ఇక కథల సంగతి. దురాశ, పగ అనే సరుకు టెలివిజనుతో పుట్టలేదు. జపానులో ఒజాకి కోయో 1897 నుంచి ఒక పత్రికలో "బంగారు పిశాచి" అన్న నవలను ధారావాహికంగా వ్రాశాడు. పేద విద్యార్థి ప్రేమించిన పిల్ల వజ్రపుటుంగరం గల ధనికుణ్ణి చేసుకొంటుంది. వీడు కసితో నిర్దయుడైన వడ్డీవ్యాపారి అవుతాడు. దీన్ని చో జుంగ్ హ్వాన్ 1913లో కొరియా కథగా మార్చి "జాంగ్‌హన్‌మోంగ్" అనే పేరుతో ప్రచురించాడు. సముద్రతీరంలో జరిగిన వీడ్కోలును ప్యాంగ్యాంగ్‌లో దేడాంగ్ నది ఒడ్డుకు తెచ్చాడు. వెంటనే రంగస్థలం ఎక్కింది. జనం విరగబడి చూశారు.

ప్రచురించిన పత్రిక జపాను వలస ప్రభుత్వానికి నోరు వంటిది. దేశం 1910లో వలస అయింది. అప్పటినుంచి 1918 దాకా భూమి సర్వే జరిగింది. ఆ కాగితాల్లో తాతలనాటి సాగుహక్కులు పోయి రైతులెందరో ఉత్త కౌలుదార్లయ్యారు. భూమి పోయినవాడు నాటకశాలలో కూర్చొని వజ్రపుటుంగరం కోసం ఏడ్చాడు. మోసమని అనాలంటే అనవచ్చు. కాని డబ్బు అనేది మనుషుల మధ్య బంధాన్ని ఎట్లా కోస్తుందో అతనికి కనిపించే రూపంలో ఎవరో చూపించారు. అతను ఏడ్చింది తన ఏడుపే. దానికి కారణం మాత్రం వేరే మనిషిగా, ఒక దుర్మార్గుడుగా కనిపించింది. తర్వాత నూరేళ్ల మెలోడ్రామా అంతా ఈ మెలికలోనే వున్నది.

టెలివిజన్ యజమానుల కథ క్లుప్తంగా చెప్పవచ్చు. పార్క్ చుంగ్ హీ సైనిక కుట్ర 1961 మేలో. ప్రభుత్వ టెలివిజన్ అదే ఏడు డిసెంబరులో. 1964లో వచ్చిన టి.బి.సి. శామ్‌సంగ్ వారిది. 1980లో చున్ దూ హ్వాన్ దాన్ని ప్రభుత్వ సంస్థలో కలిపేసుకొన్నాడు. "ప్రేమ, ఆకాంక్ష" అనే సీరియల్ మరో చానల్లో వచ్చి దేశమంతా చూసిన 1987లోనే జూన్ పోరాటమూ, ఆ వెనువెంటనే వేసవిలో మూడువేలకు పైగా పారిశ్రామిక వివాదాలూ జరిగాయి. సాయంత్రం పైకెగబాకే నాయకుణ్ణి చూసినవాళ్లే పగలు సమ్మెలో నిలబడ్డారు. సీరియల్ చూసేవాడు పోరాడడన్న మన సూత్రానికి ఇది కొంచెం ఇబ్బందికరమైన ఏడాది.

"భార్య ప్రలోభం" 129 భాగాలు. రచయిత్రి కిమ్ సూన్ ఓక్. భర్త స్నేహితురాలితో కలిసి, గర్భవతి అయిన భార్యను సముద్రంలో వదిలేస్తాడు. ఆమె బ్రతికివచ్చి, కంటి దిగువ ఒక పుట్టుమచ్చ పెట్టుకొని వేరే స్త్రీనంటుంది. కాపురం చేసిన మొగుడు కూడా గుర్తుపట్టడు! కొరియా అంతా నవ్వింది, నవ్వుతూ చూసింది. నేనూ నవ్వాను. తర్వాత తోచింది: ఆ భర్త ఇంట్లో ఆమె మొహంకేసి సరిగా చూసినవాడెవడు? కోడలి ముఖం గుర్తుపెట్టుకొనే అలవాటే లేని ఇల్లు అది. ఈ సమర్థనను నేను ఎక్కువదూరం లాగను. రచయిత్రి దాన్ని ఉద్దేశించిందని అనుకోను.

ప్రతీకారం ఎందుకు? కోర్టు లేదా? ఆ ఏళ్లను చూడండి. హ్యుందాయ్ మోటార్స్ అధిపతికి 2007లో నేరం రుజువైంది. 2008 ఆగస్టులో క్షమాభిక్ష లభించింది. శామ్‌సంగ్ అధిపతి 2008లో దోషిగా తేలి, జైలు మొహం చూడకుండానే 2009 డిసెంబరులో అధ్యక్షుడి క్షమాభిక్ష పొందాడు. ఆయన ఒక్కడి కోసమే ఆ క్షమాభిక్ష. పెద్దవాడికి శిక్షపడదని దేశానికి పత్రికల ద్వారా తెలిసిన రోజుల్లో, శిక్షవేసే పని పుట్టుమచ్చ పెట్టుకొన్న కోడలు నెత్తికెత్తుకొన్నది. కథ నమ్మదగనిదే. దాని వెనకవున్న అపనమ్మకం మాత్రం వాస్తవం.

అదే రచయిత్రి 2020 అక్టోబరు నుంచి 2021 సెప్టెంబరు దాకా మూడు విడతలుగా వ్రాసిన "పెంట్‌హౌస్" గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. సియోల్‌లో నూరంతస్తుల మేడ, హేరా ప్యాలెస్. పై అంతస్తు కోసం, సంగీత పాఠశాలలో సీటు కోసం, ఆ పాఠశాల ఆధిపత్యం కోసం మనుషులు ఒకరినొకరు చంపుకొంటారు. చియోన్ సియో జిన్ అనే గాయని తండ్రి, పాఠశాల పెత్తనాన్ని చెల్లెలికి ఇవ్వబోతాడు. వానలో పెనుగులాటలో ఆయన మెట్లమీదనుంచి పడిపోతాడు. కూతురు తండ్రిని కాదు, ఆయన సంచీలోని కాగితాలను ఎత్తుకొని పోతుంది. ఇంటికి పోయి, నెత్తురంటిన చేతులతో పియానో మీద పిచ్చిగా వాయిస్తుంది. అతి అనండి. బాల్జాక్ వ్రాసిన గోరియో కూతుళ్లు చనిపోతున్న తండ్రి స్పృహలో వుండగా చూడటానికి రాలేదు. ఈమె దగ్గరే వుండి పత్రాలు తీసుకొన్నది. రాజరికాన్ని ప్రేమించిన బాల్జాక్ తన ఇష్టానికి విరుద్ధంగా నిజం చెప్పాడని ఎంగెల్స్ 1888లో ఒక ఉత్తరంలో వ్రాశాడు. కిమ్ సూన్ ఓక్ బాల్జాక్ కాదు. కాని వారసత్వం అనేది ప్రేమగా కాక దస్తావేజుగా కనిపించే క్షణాన్ని ఆమె పట్టుకొన్నది.

అంతకన్నా నన్ను పట్టినది మరొకటి. మొదటి భాగంలోనే మిన్ సోల్ ఆ అనే అనాథ పిల్ల, ప్రవేశపరీక్షలో మొదటి స్థానం తెచ్చుకొన్నది, మేడమీదనుంచి పడి చచ్చిపోతుంది. మేడవాళ్లు శవాన్ని రహస్యంగా ఆమె పేదయింటికి చేరవేసి ఆత్మహత్యగా చూపిస్తారు. శవం అక్కడ దొరికితే ఫ్లాట్ల ధర పడిపోతుంది! హంతకుడెవరని చాలా భాగాలు మనం ధనికులనే అనుమానిస్తాం. తీరా చూస్తే తోసింది ఓ యూన్ హీ, పేద తల్లి. ఆమె కూతురు నిరీక్షణ జాబితాలో మొదటిది. ఒక పిల్ల పోతే ఒక సీటు ఖాళీ.

దీన్ని గురించి మాట్లాడుతుంటే ఆ సింగరేణి అమ్మాయే అన్నది: "వెయిటింగ్ లిస్టుల ఉన్నప్పుడు, పైన ఎవరన్న ఒక్కరు తప్పుకుంటె బాగుండు అని మేం గూడ అనుకుంటం సార్." క్లాసు అంతా నిశ్శబ్దమైంది. నా వర్గపోరాటపు పాఠాలకు వాళ్లట్లా ఎన్నడూ నిశ్శబ్దం కాలేదని ఒప్పుకోవాలి.

ఇవేవీ గాలిలోంచి ఊడిపడలేదు. అధ్యక్షురాలి ఆంతరంగికురాలి కూతురికి పేరున్న విశ్వవిద్యాలయంలో అక్రమంగా సీటిచ్చారని 2016లో గొడవ రేగింది. వీధుల్లోకి లక్షలమంది వచ్చారు. 2017 మార్చిలో ఆ అధ్యక్షురాలి పదవే పోయింది. ఆ తరువాతి ఏళ్లలో సియోల్ ఫ్లాట్ల ధరలు జీతగాళ్లకు అందకుండా పోయాయి. "పెంట్‌హౌస్" రెండవ విడత నడుస్తున్న 2021 మార్చిలోనే, ప్రభుత్వ భూమి, గృహ నిర్మాణ సంస్థ ఉద్యోగులు కొత్త పట్టణాలు ఎక్కడ వస్తాయో ముందే తెలుసుకొని భూములు కొన్నారని బయటపడింది. ఏప్రిల్ 2న ఆ విడత ముగిసింది. ఏప్రిల్ 7న సియోల్ మేయరు ఎన్నికలో అధికార పార్టీ చిత్తుగా ఓడింది. సీరియల్ ఓడించిందని నేననను. రెండూ ఒకే కోపం త్రాగి పెరిగాయి.

మరి లోపం ఎక్కడున్నది? మేడను కట్టినవాడు ఆ కథలో లేడు. తుడిచేవాడు లేడు. పనిమనిషి ఒకతె వున్నది, ఆమెకు యజమానిమీద పిచ్చివ్యామోహం. శ్రమను వ్యామోహంగా తప్ప చూపలేని కన్ను అది. చివరికి మేడను ఎవరూ స్వాధీనం చేసుకోరు. దుర్మార్గుడైన జూ దాన్ తే బాంబులతో పేల్చేస్తాడు. పగ తీర్చుకొన్నవారూ మిగలరు. ఆస్తి సంబంధం మాత్రం చెక్కుచెదరదు. మరొక మేడ లేవవచ్చు.

లేచే మేడలంటే గుర్తుకొచ్చింది. ఈ రెండు సీరియళ్లనూ ప్రసారం చేసిన ఎస్.బి.యస్. 1990లో స్థాపితమైనప్పటినుంచి దాని వెనకనున్న తేయంగ్ అనేది మేడలు కట్టే కంపెనీ. అంటే ఫ్లాట్ల దురాశమీద కోపాన్ని ఫ్లాట్లు కట్టేవారి చానలే అమ్మింది. 2023 డిసెంబరులో ఆ నిర్మాణ కంపెనీ రియల్ ఎస్టేట్ అప్పులు తీర్చలేక బ్యాంకుల ముందు చేతులు చాచింది. ఇంత చక్కని మలుపును కిమ్ సూన్ ఓక్ వ్రాసివుంటే అతి అని విమర్శించేవాళ్లం.

సాబుక్ సంగతి చెప్పి ముగిస్తాను. 1989 నుంచి ప్రభుత్వం గనులను మూయించసాగింది. బ్రతుకుతెరువు చూపమని గనిప్రాంతాల ప్రజలు పోరాడితే 1995లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2000లో ఆ కొండమీద జూదగృహం తెరిచారు. దేశం మొత్తంమీద కొరియా పౌరులు జూదమాడడానికి అనుమతిగల జూదగృహం అదొక్కటే. డాంగ్వన్ గని 2004లో మూతపడింది. ఇప్పుడు ఆ ఊరి వీధుల్లో తాకట్టు దుకాణాలున్నాయి. ఆడి పోగొట్టుకొన్నవాళ్లు అక్కడ కార్లు కుదువబెడతారు. ప్రభుత్వ బొగ్గు సంస్థ చేతిలో మిగిలిన గనుల్లో హ్వాసున్ 2023లో, జాంగ్‌సాంగ్ 2024లో, డోగ్యే 2025 జూన్ చివర మూతపడ్డాయి. ఆ వార్తను క్లాసులో చదివి వినిపించాను. "మరి ఆ మాట తిట్టుగనే ఉంటదా సార్ ఇగ?" అని అడిగింది ఆ అమ్మాయి. జవాబు చెప్పకుండా, డోగ్యే ఎక్కడుందో పటంలో చూపించమన్నాను.