తెలుగువారి మొబైల్ పలకరింపు: ఎస్సెమ్మెస్ నుంచి వాట్సాప్ దాకా

భారతదేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి వెళ్లింది. తొలి ఏళ్లలో కాల్ ఛార్జీలు భారీగా ఉండటంతో సామాన్యులు మిస్డ్ కాల్‌ను, ఎస్సెమ్మెస్‌ను ఆశ్రయించారు. అప్పటి చవక ఫోన్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలు కనిపించేవి కావు. అందుకే తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే అలవాటు పాతుకుపోయింది. పండగ రోజుల్లో కంపెనీలు ఎస్సెమ్మెస్ ప్యాక్‌లను పక్కనపెట్టి మామూలు ధర వసూలు చేసేవి. శుభాకాంక్షలు ఎక్కువగా పంపుకునేది ఆ రోజుల్లోనే.

ఎవరి ఖర్చు ఎంతో టెలికాం సర్కిల్, అంటే ఫోన్ సేవల కోసం విభజించిన ప్రాంతం, నిర్ణయించేది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో పుదుచ్చేరి నగరం పక్కనున్న అరియాంకుప్పం తమిళనాడు సర్కిల్ కిందికి, 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తెలుగు యానాం ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందికి వచ్చాయి. ప్రభుత్వం ఒకటే అయినా, యానాం సిమ్‌తో అరియాంకుప్పం చేరినవారు రోమింగ్‌లో పడేవారు.

చైనాలో ఇవే ఏళ్లు మరో దారిన సాగాయి. 1999లో మొదలైన సందేశాల సేవ క్యూక్యూ కంప్యూటర్ నుంచి ఫోనులోకి వచ్చింది. 2009లో ఫేస్‌బుక్‌ను అక్కడ నిలిపివేశారు. 2011లో వచ్చిన వీచాట్ నగరవాసుల చేతిలో సందేశాలకూ చెల్లింపులకూ ఒకే సాధనమైంది. అయినా చైనీయులందరి వాడకం ఒకటి కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధన ప్రాజెక్టులో షిన్యువాన్ వాంగ్ ఆగ్నేయ చైనా ఫ్యాక్టరీ పట్టణాన్ని, టామ్ మెక్‌డొనాల్డ్ ఉత్తర చైనా పల్లెప్రాంతాన్ని పరిశీలించి 2016లో పుస్తకాలు వెలువరించారు. ఫ్యాక్టరీ పట్టణపు యువ వలస కార్మికులు బయట దొరకని జీవితాన్ని క్యూక్యూలో వెతుక్కున్నారు. పల్లెల్లో తెలిసినవారి బంధాలతోపాటు అపరిచితులతో స్నేహమూ సాగింది. అదే ప్రాజెక్టులో శ్రీరామ్ వెంకట్రామన్ చెన్నై శివార్లను పరిశీలించారు. 2017లో వచ్చిన ఆయన పుస్తకం బంధుత్వం, కులం, లింగభేదం ఆన్‌లైన్‌లోనూ కొనసాగడాన్ని చూపింది.

తెలుగువారి వాడకంలోనూ ఇలాంటి భేదాలు కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లలతో తల్లిదండ్రులు వాట్సాప్‌లో మాట్లాడుకున్నారు. ఆ యాప్‌లో కాల్స్‌కు అనుమతి లేని దుబాయ్‌కి వెళ్లిన కార్మికులు వేరే యాప్‌లు వెతుక్కోవలసి వచ్చింది. 2015లో ప్రారంభమైన షేర్‌చాట్ ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి భారతీయ భాషలనే ఎంచుకుంది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక డేటా చవకైంది. 2018లో చవక జియోఫోన్‌లోకీ వాట్సాప్ వచ్చింది. చదవడం, రాయడం అంతగా రానివారికి వాయిస్ మెసేజ్‌లు, చిన్న వీడియోలు దారి చూపాయి. లిపి చిక్కులు మాత్రం పూర్తిగా తీరలేదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ అదే నెలలో సవరణ విడుదల చేసింది.

చైనా కంపెనీ బైట్‌డాన్స్‌కు చెందిన టిక్‌టాక్, హెలో తెలుగు పల్లెల్లోనూ ఆదరణ పొందాయి. భారత్-చైనా సరిహద్దులో జరిగిన గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్, హెలోతోపాటు వీచాట్ కూడా ఆ జాబితాలో ఉంది. వీడియోలు చేసేవారు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు, యూట్యూబ్‌కు మళ్లారు.

వీటన్నిటికీ మించిన భేదం ఫోను ఎవరి చేతిలో ఉందన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేరు. డేటా చవకైనా, తెలుగు అక్షరాలు తెరపైకి వచ్చినా, సొంత ఫోను లేని మహిళకు ఈ పలకరింపు ఇంట్లో మరొకరి అనుమతి మీదే ఆధారపడుతుంది.