పశువుల దాణాలో యూరియా.. తిన్న గంటలో రక్తంలో జరిగేది ఇదే! ఎక్కడ తేడా వస్తే ప్రాణం మీదకు వస్తుందంటే..

పొలానికి చల్లే యూరియానే పాడి పశువుకు ప్రొటీన్‌గా కూడా మారుతుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. కానీ అదే యూరియా మోతాదు దాటితే గంట తిరగకముందే గేదె కొట్టంలో కుప్పకూలిపోవచ్చు. మేత తిన్నాక రక్తంలోకి ఎంత అమ్మోనియా చేరిందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

యూరియాలో 46 శాతం నత్రజని. ఆవు, గేదె పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని నిమిషాల్లోనే అమ్మోనియాగా విడగొడతాయి. ఆ అమ్మోనియాతోనే అవి తమ శరీరంలో ప్రొటీన్ తయారుచేసుకుంటాయి. తర్వాత ఆ సూక్ష్మజీవులే పశువుకు ఆహారం! నెమరువేయని జంతువులకు, మనకు ఈ సౌకర్యం లేదు.

అయితే ఈ పనికి సూక్ష్మజీవులకు శక్తి కావాలి. అందుకే యూరియాతో పాటు బెల్లం మడ్డి, తవుడు, జొన్న లాంటివి పెట్టమంటారు. ఉత్త ఎండుగడ్డి మీద యూరియా ఇస్తే అమ్మోనియా వాడకం లేక మిగిలిపోతుంది. ఇంకో విషయం.. అన్నం తిన్నాక మనకు షుగర్ పెరిగినట్టు పశువుకు పెరగదు. పిండి పదార్థాలు పొట్టలోనే పులిసి ఆమ్లాలుగా మారతాయి. వాటిలో ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తుంది.

మిగిలిన అమ్మోనియా పొట్ట గోడల గుండా రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయానికి వెళ్తుంది. కాలేయం దాన్ని మళ్లీ యూరియాగా మారుస్తుంది. అందులో కొంత లాలాజలంతో తిరిగి పొట్టకే వస్తుంది, కొంత మూత్రంలో, పాలలో పోతుంది. అమ్మోనియా ఒక్కసారిగా ముంచెత్తితే మాత్రం కాలేయం చేతులెత్తేస్తుంది. అప్పుడు అది మెదడు దాకా చేరుతుంది. వణుకు, చొంగ కారడం, పొట్ట ఉబ్బరం, ఆయాసం, అరుపులు, చివరకు ఫిట్స్.. ఇవన్నీ 20 నిమిషాల నుంచి గంటలోపే మొదలవుతాయి.

మరి మోతాదు ఎంత? మొత్తం మేత ఎండు బరువులో 1 శాతం, దాణాలో అయితే 3 శాతం మించకూడదు. రెండు మూడు వారాల్లో మెల్లగా అలవాటు చేయాలి. మధ్యలో కొన్ని రోజులు ఆపితే ఆ అలవాటు పోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. 6 నెలల లోపు దూడలకు అసలు పెట్టకూడదు. నీళ్లలో కలిపి తాగించడం మరీ ప్రమాదం. పచ్చి సోయా గింజల్లో యూరియాను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది, రెండూ కలపొద్దు.

వరిగడ్డిని మాగబెట్టే పద్ధతి దీనికంటే నిదానమైనది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 65 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, సమంగా చల్లి, గాలి చొరకుండా తొక్కి 21 రోజులు కప్పి ఉంచుతారు. తీశాక కాసేపు ఆరబెట్టి పెడితే ఘాటు పోతుంది.

రైతు ఇళ్లలో ఎక్కువగా జరిగేది మాత్రం వేరే. మూత కట్టని యూరియా బస్తా, పొలంలో యూరియా కలిపిన డ్రమ్ము, వాన నీళ్లు నిలిచిన యూరియా ఇటుక.. పశువు ఆబగా నాకేస్తుంది, తాగేస్తుంది. లక్షణాలు కనిపిస్తే వెంటనే 1962కు ఫోన్ చేసి పశువైద్యుడిని పిలవాలి. పెద్ద పశువుకు 20 నుంచి 40 లీటర్ల చల్లటి నీళ్లు, 2 నుంచి 6 లీటర్ల వెనిగర్ పొట్టలోకి పంపిస్తారు. చల్లదనం అమ్మోనియా పుట్టడాన్ని నెమ్మదింపజేస్తే, పులుపు అది రక్తంలోకి వెళ్లకుండా అడ్డుకుంటుంది. పడిపోయిన పశువుకు సీసాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి ఆ పని గొట్టంతో వైద్యుడే చేయాలి.