ఓడ ఎక్కిందెవరు?

సముద్రశాస్త్రం చదువుతానని ఆడపిల్ల అంటే మన ఇళ్ళలో రెండు ప్రశ్నలు వస్తాయి. ఉద్యోగం ఎక్కడొస్తుంది? ఓడ ఎక్కాలా? నాచారంలో మా పక్కింటి అమ్మాయిని ఇలాగే అడిగారు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి నేను జవాబు కోసం చరిత్ర తిరగేశాను.

మొదటిదానికి జవాబు మాకు దగ్గర్లోనే, ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. అక్కడ 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు, సముద్రంలేని ఈ ఊళ్ళో కూర్చునే కృష్ణా-గోదావరి తీరం అవతల, సముద్రం అడుగున గ్యాస్ హైడ్రేట్ల ఆనవాళ్ళు వెతికారు. ధ్వని తరంగాల రికార్డులే వారికి ఆధారం. 2006లో డ్రిల్లింగ్ చేసినప్పుడు ఆ నిక్షేపాలు అక్కడ బయటపడ్డాయి. నగరానికి అటు చివర ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి హెచ్చరికల కేంద్రం అక్కడే పనిచేస్తోంది. జువాలజీ, ఫిజిక్స్, జియాలజీ ఏది చదివినా ఈ రంగంలోకి దారి ఉంది.

"అయితే ఓడ ఎక్కక్కర్లేదు, హాయిగా ఆఫీసులో కూర్చోవచ్చు" అని ఇంట్లోవాళ్ళు స్థిమితపడతారు. నన్ను ఆలోచింపజేసింది ఈ స్థిమితమే.

అమెరికాలో మేరీ థార్ప్ అలా కూర్చునే పనిచేసింది. ఆడవాళ్ళని పరిశోధన నౌకల మీదికి రానివ్వని కాలమది. మగవాళ్ళు తెచ్చిన లోతుల లెక్కలతో పటాలు గీస్తూ, 1952లో అట్లాంటిక్ మధ్య పర్వతశ్రేణి నడిమిన చీలికలోయ ఉందని గుర్తించింది. సహచరుడు బ్రూస్ హీజెన్ దాన్ని ఆడపిల్లల కబుర్లంటూ కొట్టిపారేశాడు. తర్వాత ఒప్పుకున్నాడు. కానీ 1956లో ఆ సంగతి ప్రకటించిన వ్యాసంలో రచయితలు యూయింగ్, హీజెన్‌లు మాత్రమే. ఆమె ఓడ ఎక్కింది 1968లో.

మన దగ్గర 1952లో యూజీన్ లాఫాండ్ రాకతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర పరిశోధన ఊపందుకుంది. తూర్పు తీరం దగ్గర సముద్రగర్భంలోని లోయలకి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లొచ్చాయి. మహదేవన్ అక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు. భారతదేశం నుంచి అంటార్కిటికా యాత్రకి స్త్రీలు వెళ్ళడానికి మాత్రం 1983 దాకా పట్టింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకి చెందిన అదితి పంత్, భూగర్భశాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా ఆ మొదటివాళ్ళు.

విశాఖ తీరంలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మేది స్త్రీలు. వేటకి పడవ మీద వెళ్ళేది మగవాళ్ళు. థార్ప్ ప్రయోగశాలలో జరిగిన పని విభజన ఇంతకంటే భిన్నమైనదేమీ కాదు.

ఒడ్డున చేసే పని తక్కువదని నేననను. సముద్రగర్భం స్వరూపాన్ని లోకానికి చూపించింది ఒడ్డునున్న థార్ప్ గీసిన పటాలే. కాకపోతే ఒడ్డున ఉండిపోవడం ఆమె కోరుకున్నది కాదు. అందుకే ఉద్యోగ ప్రకటన చూసే ఆడపిల్లలు జీతంతోపాటు మరో రెండు విషయాలు కూడా అడగాలి. ఓడ మీదికి ఎవరిని పంపుతారు? వ్యాసం మీద ఎవరి పేరు వేస్తారు?